రేచెల్ కార్సన్

రేచెల్ కార్సన్ (మే 27, 1907 - ఏప్రిల్ 14, 1964) అమెరికాకు చెందిన సముద్ర జీవశాస్త్రవేత్త, రచయిత్రి. పర్యావరణంలో చేరిన కృత్రిమ క్రిమిసంహారకాలు ఎలా వ్యాపిస్తాయో, ప్రాణుల శరీరాలలో ఎలా పేరుకుపోతాయో సామాన్య పాఠకులకు అర్థమయ్యేలా వివరించి, వాటి నియంత్రణకు బాట వేసింది.

బాల్యం, విద్య

ఈమె పెన్సిల్వేనియా రాష్ట్రంలోని స్ప్రింగ్‌డేల్‌లో జన్మించింది. 1932లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం నుండి జంతుశాస్త్రంలో ఎం.ఏ. పట్టా పొందింది. 1935లో తండ్రి మరణించడంతో కుటుంబ భారం ఈమెపై పడింది. 1936లో ప్రభుత్వ మత్స్య శాఖలో జీవశాస్త్రవేత్తగా చేరింది. 1951లో వెలువడిన "ది సీ అరౌండ్ అస్" గ్రంథానికి నేషనల్ బుక్ అవార్డు లభించింది. తరువాత ఉద్యోగం మాని, పూర్తికాలం రచనకే అంకితమైంది.

సైలెంట్ స్ప్రింగ్

డి.డి.టి.కి కీటకాలను చంపే గుణం ఉన్నదని 1939లో పాల్ ముల్లర్ కనుగొన్నాడు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం దీనిని పొలాలపై, అడవులపై విమానాలతో కూడా చల్లసాగారు. 1962లో ప్రచురితమైన "సైలెంట్ స్ప్రింగ్" గ్రంథంలో కార్సన్ దీని పర్యవసానాలను ఉదాహరణలతో వివరించింది.

వాటిలో కాలిఫోర్నియాలోని క్లియర్ లేక్ ఉదంతం ముఖ్యమైనది. అక్కడ దోమలను పోలిన చిన్న కీటకాల నిర్మూలనకు 1949లో డి.డి.టి. జాతికి చెందిన డి.డి.డి.ని 7 కోట్ల పాళ్ళ నీటికి 1 పాలు చొప్పున కలిపారు. 1954, 1957లలో మరల కలిపారు. మందు నీటిలో పలుచబడి హానిరహితమవుతుందని భావించారు. కాని అది త్వరగా విచ్ఛిన్నం కాదు, కొవ్వులో కరుగుతుంది. అందువలన నీటి నుండి ప్లవకాలకు, వాటి నుండి చేపలకు, చేపల నుండి గ్రీబ్ అనే నీటి పక్షులకు చేరుతూ, ఆహారపు గొలుసులో పైకి పోయేకొద్దీ సాంద్రత పెరిగింది. చనిపోయిన పక్షుల కొవ్వులో పది లక్షల పాళ్ళకు 1,600 పాళ్ళ మందు కనబడింది. 1,000కి పైగా ఉన్న పక్షుల జంటలు 1960 నాటికి సుమారు 30కి తగ్గాయి. ఈ ప్రక్రియను జైవిక వృద్ధీకరణం అంటారు.

విమర్శలు, ఫలితాలు

రసాయన పరిశ్రమల వర్గాలు ఈమెను తీవ్రంగా విమర్శించాయి. అయితే ఈమె క్రిమిసంహారకాలన్నిటినీ నిషేధించమని కోరలేదు. విచక్షణ లేని వాడకాన్ని మానాలని, కీటకాల సహజ శత్రువుల వంటి జీవ నియంత్రణ పద్ధతులను ఆశ్రయించాలని సూచించింది. విపరీతంగా వాడితే కీటకాలలో నిరోధకశక్తి పెరిగి, వ్యాధుల నివారణకు కూడా మందు పనికిరాకుండా పోతుందని హెచ్చరించింది. 1963లో అధ్యక్షుని విజ్ఞాన సలహా సంఘం నివేదిక ఈమె వాదనలను చాలావరకు సమర్థించింది. అదే సంవత్సరం ఈమె సెనేట్ ఉపసంఘం ముందు సాక్ష్యమిచ్చింది. అప్పటికే రొమ్ము క్యాన్సర్‌తో బాధపడుతున్నా ఆ విషయాన్ని బహిరంగపరచలేదు. మరుసటి సంవత్సరం మేరీలాండ్‌లోని సిల్వర్ స్ప్రింగ్‌లో మరణించింది.

అమెరికాలో 1970లో పర్యావరణ పరిరక్షణ సంస్థ ఏర్పడింది. 1972లో ఆ సంస్థ పంటలపై డి.డి.టి. వాడకాన్ని దాదాపు పూర్తిగా నిషేధించింది. 1980లో కార్సన్‌కు మరణానంతరం ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ప్రకటించారు. 2001లో కుదిరిన స్టాక్‌హోం ఒప్పందం డి.డి.టి. వాడకాన్ని వ్యాధి వాహక కీటకాల నియంత్రణకు పరిమితం చేసింది.