తెలిసినదాన్నే కొత్తగా చూసిన భిక్షువు



మీరు గవర్నర్‌పేటలో ఉంటున్నారనుకోండి. రోజూ ఏలూరు రోడ్డు దాటతారు, బీసెంట్ రోడ్డులో బేరమాడతారు, బందరు రోడ్డులో మ్యూజియం ముందు నుంచే ఆటోలో వెళ్తారు. లోపల అల్లూరు నుంచి తెచ్చిన సున్నపురాతి బుద్ధుడు నిలబడి ఉన్నాడు. ఆయన్ని చూసి ఎన్నాళ్ళయింది? రోజూ ఉండేదే కదా అనుకోగానే మనసు చూడటం మానేస్తుంది. ఎరుక జారిపోయేది అక్కడే.

అలా జారిపోకుండా తనకు తాను నియమాలు పెట్టుకున్న ఒక భిక్షువు దాదాపు 1400 ఏళ్ళ కిందట మన కృష్ణాతీరంలో కొన్ని నెలలు ఉన్నాడు. ఆయనే చైనా నుంచి వచ్చిన హ్యూయన్‌త్సాంగ్.

చిన్నప్పుడే సంఘంలో చేరాడు. తన దేశంలో దొరికే అనువాదాలు ఒకదానితో ఒకటి పొసగకపోయేసరికి, మూలగ్రంథాలే చూడాలని 629 ప్రాంతంలో బయలుదేరాడు. ప్రయాణానికి రాజాజ్ఞ లేదు, దొంగచాటుగానే సరిహద్దు దాటాడు. బుద్ధుడి దేశం చేరేదాకా తూర్పుకు ఒక్క అడుగు కూడా వేయకూడదన్నది ఆయన పెట్టుకున్న మొదటి నియమం. ఎడారిలో నీళ్ళ తిత్తి చేజారి ఒలికిపోయింది. భయపడి కొంతదూరం వెనక్కి నడిచాడు కూడా. అంతలో నియమం గుర్తొచ్చి మళ్ళీ పడమరకే తిరిగాడు. అయిదు రోజులు గొంతు తడవలేదు, అయినా ప్రాణంతో బయటపడ్డాడు.

రెండో నియమం చూడండి. ఏ దేశంలో అడుగుపెట్టినా ఆయన అవే ప్రశ్నలు అడిగేవాడు: ఈ నేల చుట్టుకొలత ఎంత, ఏం పండుతుంది, ఎండా వానా ఎలా ఉంటాయి, మనుషుల తీరేమిటి, ఆరామాలెన్ని, భిక్షువులెందరు? ప్రశ్నలు పాతవే, జవాబులు మాత్రం ప్రతిచోటా కొత్తవి. అందుకే ఎన్ని ఊళ్ళు తిరిగినా ఆయనకు విసుగు పుట్టలేదు.

639 ప్రాంతంలో ధాన్యకటకం వచ్చాడు. అది అమరావతి పక్కన ఉన్న ధరణికోటేనని ఎక్కువమంది అంటారు, బెజవాడేనని కొందరు పాత పరిశోధకులు వాదించారు. ఇక్కడి నేల సారవంతమని, పంటలు బాగా పండుతాయని రాసుకున్నాడు. మనవాళ్ళు నల్లగా ఉంటారని, ఆవేశపరులని, చదువన్నా కళలన్నా ఇష్టపడతారని కూడా రాశాడు. దాంతోపాటు ఒక బాధాకరమైన సంగతీ ఉంది. ఆరామాలు ఎన్నో ఉన్నా చాలావరకు పాడుబడ్డాయి. ఇరవై దాకా మాత్రమే మిగిలాయి. తూర్పున పూర్వశైలం, పడమట అవరశైలం, రెండూ ఖాళీ.

అయినా ఆయన పెదవి విరిచి వెళ్ళిపోలేదు. అప్పటికే నలందలో వృద్ధ ఆచార్యుడు శీలభద్రుడి దగ్గర ఏళ్ళ తరబడి చదివిన పండితుడు. వయసు నలభైకి దగ్గరపడింది. ఇక్కడ సుభూతి, సూర్య అనే ఇద్దరు భిక్షువులు మహాసాంఘిక అభిధర్మం బాగా ఎరిగినవాళ్ళని విని వాళ్ళ ముందు విద్యార్థిలా కూర్చున్నాడు. తనది మహాయానం, వాళ్ళది వేరే శాఖ. వాళ్ళ దగ్గర నేర్చుకున్నాడు, తనకు తెలిసింది వాళ్ళకు నేర్పాడు. ఎక్కడికెళ్ళినా విద్యార్థిగానే వెళ్ళాలన్నది మూడో నియమం.

645లో 657 గ్రంథాలతో చైనా చేరాడు. అప్పటినుంచి రోజుకింత అనువాదం అని లెక్క పెట్టుకున్నాడు. పగలు వేరే పని పడితే ఆ వాటా రాత్రి పూర్తిచేసేవాడు. తెల్లవారుజామునే లేచి, ఆరోజు చేయాల్సిన భాగానికి ఎర్రసిరాతో గుర్తులు పెట్టుకునేవాడు.

చివరి ఏళ్ళలో మహాప్రజ్ఞాపారమిత చేపట్టాడు. చాలా పెద్ద గ్రంథం, చెప్పిందే మళ్ళీ మళ్ళీ వస్తుంది. కుదించమని శిష్యులు బతిమాలారు. ఆయనా సరే అనుకున్నాడు. కానీ ఆ రాత్రి పీడకలలు వచ్చాయట. దాంతో ఒక్క మాటా వదలకూడదని తేల్చేశాడు. 600 భాగాలూ 663లో పూర్తయ్యాయి. 664లో కన్నుమూశాడు.

మిత్రులారా, ఆశ్చర్యం అంటే వింతల కోసం వెతకడం కాదు. అంతా అనిత్యమని బుద్ధుడు చెప్పాడు కదా. అలాంటప్పుడు నిన్న చూసిన కాలవ ఇవాళ అదే కాలవ ఎలా అవుతుంది? ఇది మరిచిన చోట ఆరామం ఉన్నా అడిగేవాడు ఉండడు, గోడలే మిగులుతాయి. మన ఇళ్ళూ అలా కాకూడదు.

ఈ వారం మీరు ఇవి పాటించి చూడండి:

1. రోజూ నడిచే దారిలో ఒక్కదాని గురించి ఎవరినైనా అడగండి.
2. మీకంటే చిన్నవాళ్ళ దగ్గరో, మీ అభిప్రాయం ఒప్పుకోనివాళ్ళ దగ్గరో ఒక సంగతి నేర్చుకోండి.
3. పంచశీల చెప్పేటప్పుడు నోటికొచ్చినదే కదా అని గబగబా దాటేయకండి. ఒక్కో మాట దగ్గర ఆగండి.
4. రేపటి పనికి ఇవాళే గుర్తు పెట్టుకోండి. ఎంత చిన్నదైనా ఆ వాటా పూర్తయ్యాకే పడుకోండి.

నియమం తప్పిన రోజు దిగులుపడకండి. ఎడారిలో ఆయన కూడా కొంతదూరం వెనక్కి నడిచినవాడే. గుర్తొచ్చిన చోటినుంచే తిరిగి మొదలుపెట్టండి.

నమో బుద్ధాయ.