పదవి కన్న నమ్మకమే మిన్న అనుకున్న గిరిగారు

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని గురించి వ్రాయమని కార్యదర్శిగారు కోరగానే నాకు శ్రీ వరాహగిరి వెంకటగిరి గారు జ్ఞాపకం వచ్చారు. 1969 నుండి 1974 వరకు రాష్ట్రపతిగా ఆయన అందరికీ తెలిసినవారే. ఉద్యోగుల మనిషిగా కూడా మన పిల్లలు ఆయనను తెలుసుకోవాలి.

గిరిగారు 1894 ఆగస్టు 10న, నేటి ఒడిశాలోని బరంపురంలో తెలుగు కుటుంబంలో జన్మించారు. డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి 1916లో తిరిగివచ్చారు. తరువాత బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులకు నాయకులయ్యారు. 1937లో రాజాజీ మంత్రివర్గంలో కార్మిక శాఖను, 1952 నుండి కేంద్రంలో అదే శాఖను నిర్వహించారు.

యాజమాన్యం, కార్మికులు ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలనీ, ప్రతి తగాదానూ ట్రిబ్యునలుకు పంపితే మాట్లాడుకునే అలవాటే పోతుందనీ ఆయన అభిప్రాయం. దానికి గిరి పద్ధతి అని పేరు వచ్చింది.

అంతలో బ్యాంకు ఉద్యోగుల జీతాల తగాదాలో లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును 1954 ఆగస్టులో ప్రభుత్వం మార్చింది. గిరిగారు మంత్రి పదవికి రాజీనామా చేశారు. ట్రిబ్యునళ్ళంటే ఆయనకు మక్కువ లేదు. అయినా ఇరుపక్షాలను అక్కడికి పంపిన ప్రభుత్వమే తీర్పును దిద్దితే, ఇక ఎవరు ఎవరిని నమ్ముతారు? ఆ రాజీనామాలో నాకు కనిపించే న్యాయం ఇదే.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. సర్వీసులో ఉండగా ఒకసారి ఉద్యోగుల ప్రతినిధిగా బదిలీలపై సంప్రదింపులకు వెళ్ళాను. గంటన్నరసేపు మా అభిప్రాయాలు శ్రద్ధగా విన్నారు. మినిట్స్ మీద సంతకం చేసి బయటకు వస్తే, నోటీసు బోర్డు మీద బదిలీ ఉత్తర్వులు ఉన్నాయి. వాటి మీద తేదీ ముందురోజుది! బదిలీ అయిన మిత్రుడొకరు నాతో చాలాకాలం మాట్లాడలేదు. ఆయన కోపం బదిలీ మీద కాదు, నా సంతకం మీద. మర్నాడైనా ఆ సంతకాన్ని వెనక్కు తీసుకుంటున్నానని కాగితం పెట్టవలసింది. పెట్టలేదు. గిరిగారు మంత్రి పదవినే వదులుకున్నారు, నేను ప్రతినిధి హోదాను కూడా వదులుకోలేకపోయాను.

1975లో భారతరత్న అందుకున్న గిరిగారు 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు. మన పిల్లలు నేడు ఎన్నో కార్యాలయాల్లో అధికారులుగా ఉన్నారు. నిర్ణయం చేసేశాక అభిప్రాయం అడగవద్దని వారికి చెబుదాం. అడిగితే మాత్రం, మార్చుకోవడానికి సిద్ధపడి అడగమందాం.