కోటా రామస్వామి గారి జీవితము

క్రీడలలో కీర్తిగాంచినవారిని గూర్చి వ్రాయునపుడు జనులు మొదటి వరుసలో నిలిచినవారినే స్మరింతురు. జట్టులో పేరుండియు, ఆటనాడు వెలుపల కూర్చుండి, తోడివారి గెలుపునకు చప్పట్లు చరచుచు, తన వంతుకై వేచియుండువానిని గూర్చి వ్రాయువా రరుదు. మన యెల్లారెడ్డి, కామారెడ్డి ప్రాంతముల పాఠశాలలలోను పదునొకండుగురు ఆడుచుండగా గట్టుమీద కూర్చుండు బాలురు కలరు. వారికొఱకును, ఆటలవలన కాలము వ్యర్థమగునని తలంచు తల్లిదండ్రులకొఱకును ఈ చరిత్రమును సంగ్రహముగా వ్రాయుచున్నాము.

రామస్వామి గారు 1896వ సంవత్సరము జూన్ 16వ తేదీన చెన్నపట్టణమున నొక తెలుగు కుటుంబమునందు జన్మించిరి. వీరి తండ్రి బుచ్చిబాబు నాయుడు గారు. దత్తత పోయినందున వీరి యింటిపేరు మాత్రము కోటా అయ్యెను. ఆ దినములలో చేపాకులోని మద్రాసు క్రికెట్టు క్లబ్బులో ఐరోపావారికి తప్ప ఇతరులకు ప్రవేశము లేకుండెను. బుచ్చిబాబు గారు దానికి చింతించి యూరకుండక, 1888లో మద్రాసు యునైటెడ్ క్లబ్బును స్థాపించి, భారతీయ యువకులకు ఆట నేర్పించిరి. ఐరోపావారికిని భారతీయులకును పోటీ జరుగవలెనని పాటుపడి, 1908లో ఆ పోటీకి కొలదిదినములు ముందుగా కాలధర్మము నొందిరి. అప్పటికి రామస్వామి పండ్రెండేండ్ల బాలుడు.

తండ్రి నాటిన విత్తనము కుమారునియందు మొలకెత్తెను. రామస్వామి గారు ఎడమచేతి వాటమున బ్యాటు పట్టి చెన్నపట్టణమున పేరు పొందిరి. ప్రథమ మహాయుద్ధానంతరము ఉన్నతవిద్యకై కేంబ్రిడ్జికి పోయిరి. అచ్చట వారికి టెన్నిసు ఆటలోనే ఎక్కువ ఖ్యాతి కలిగెను. 1922లో డేవిస్ కప్పు పోటీలయందు భారతదేశ పక్షమున డాక్టరు ఫైజీ గారితో జతగూడి రుమేనియావారిపై జయము పొందిరి. స్వదేశమునకు తిరిగివచ్చి మద్రాసు ప్రభుత్వ వ్యవసాయశాఖలో ఉద్యోగము చేయుచు, సెలవు దొరికినపుడు క్రికెట్టు ఆడుచుండిరి.

ఇచ్చట చదువరు లొక సంగతి గమనింపవలెను. భారతదేశము మొట్టమొదటి టెస్టు ఆడినది 1932లో. అప్పటికి రామస్వామి గారికి ముప్పదియారేండ్లు. వారి యౌవనమున తలుపే లేదు. తలుపు తెరచునప్పటికి యౌవనము గడచిపోయెను. అయినను వారు బ్యాటు విడువలేదు.

1936లో విజయనగరము మహారాజకుమారుని నాయకత్వమున ఇంగ్లండునకు పోయిన జట్టులో వీరికి స్థానము లభించెను. వయస్సు నలువది. జూన్ నెలలో లార్డ్సు మైదానమున జరిగిన మొదటి టెస్టులో వీరిని తీసికొనలేదు. ఆ యాటలో భారతదేశము 147, 93 పరుగులు మాత్రమే చేసి యోడిపోయెను. జూలై 25న మాంచెస్టరులో ఆరంభమైన రెండవ టెస్టున వీరికి పిలుపు వచ్చెను. ఇంగ్లండు ఎనిమిది వికెట్లకు 571 పరుగులు చేసెను. మనవారు మొదట 203కే ముగిసిరి. అందులో రామస్వామి గారివి 40. రెండవమారు మర్చంటు, ముష్తాక్ అలీ గార్లు మొదటి వికెట్టునకు 203 పరుగులు కూర్చి యాశ నిలుపగా, రామస్వామి గారు 60 పరుగులతో దానిని బలపరచిరి. అయిదు వికెట్లకు 390 పరుగులతో ఆట సమానముగా ముగిసెను. ఓవల్ మైదానమున జరిగిన మూడవ టెస్టులో భారతదేశ మోడినను, వీరు 29 పరుగులును, పిమ్మట అవుటు కాకుండ 41 పరుగులును చేసిరి. రెండు టెస్టులలో మొత్తము 170. సగటు 56కు మించెను. మరల వారికి టెస్టు ఆడు అవకాశము రాలేదు.

పిమ్మట వారు క్రీడాకారుల నెన్నుకొను సంఘమున పనిచేసిరి. 1952-53లో వెస్టిండీసునకు పోయిన భారత జట్టునకు మేనేజరుగా నుండిరి. 1966లో ఆంగ్లమున స్వీయచరిత్రను ప్రకటించిరి. 1985 అక్టోబరు 15న, తొంబదవ యేట, చెన్నపట్టణములోని తమ యింటినుండి బయలుదేరినవారు మరల రాలేదు. క్రికెట్టు చరిత్రకారులు వారిని మృతులైనట్లే యెంచిరి.

విద్యార్థులారా, ఓర్చినవానికి పిలుపు తప్పక వచ్చునని మేము చెప్పజాలము. రామస్వామి గారితో సమానులైనవా రెందఱో పిలుపు రాకయే వృద్ధులైరి. వారి శ్రమయు వ్యర్థము కాదు. ఆరోగ్యమును, స్నేహమును, ఓటమిని సహించు నేర్పును వారికి మిగిలెను. అయితే పిలుపు వచ్చిన దినమున సిద్ధముగా నుండువాడు మాత్రమే దానికి బదులు చెప్పగలడు. గట్టుమీద కూర్చుండిన బాలుడు బూట్ల త్రాళ్లు బిగించుకొనియే కూర్చుండవలెనని మా మనవి.