వేగుల లేఖలలో మూసారాం

దిల్‌సుఖ్‌నగర్ నుండి మలక్‌పేట మీదుగా చాదర్‌ఘాట్‌కు పోయే రహదారిలో మూసారాంబాగ్ అనే పేట ఉన్నది. మన కళాశాల విద్యార్థులలో అనేకులు దినమూ ఆ పేట మీదుగానే వస్తూ పోతూ ఉంటారు. మూసారాం ఎవరని అడిగితే రాముని పేరు పెట్టుకున్న ఏ జాగీర్దారో అయి ఉంటాడని చాలమంది ఊహిస్తారు. ఆయన ఫ్రాన్సు దేశీయుడు. పూర్తి పేరు మిషెల్ జోషిమ్ మరీ రేమండ్. హైదరాబాదు హిందువులు ఆయనను మూసారాం అన్నారు, ముస్లిములు మూసా రహీం అన్నారు. ఇంగ్లీషు వారి రహస్య లేఖలలో మాత్రం ఆయనకు వేరొక రూపం ఉన్నది. ఆ రూపమే చివరకు ఈ రాజ్యపు గతిని నిర్ణయించింది.

రేమండ్ 1755లో దక్షిణ ఫ్రాన్సులోని గాస్కనీ ప్రాంతంలో, సెరిన్యాక్ అనే గ్రామంలో, ఒక వర్తకుని ఇంట జన్మించాడు. ఇరవై ఏళ్ళ ప్రాయంలో సరకులతో పుదుచ్చేరి చేరాడు. వ్యాపారం అచ్చిరాలేదో, మనసు నిలువలేదో, త్వరలోనే కత్తి పట్టి మైసూరులో హైదరాలీ పక్షాన పనిచేసే ఫ్రెంచి దండులో చేరాడు. వృద్ధ సేనాని బుస్సీ 1783లో తిరిగి భారతదేశానికి వచ్చినపుడు ఆయన కొలువులోకి మారాడు. 1785లో బుస్సీ మరణించాక నిజాం అలీఖాన్, అనగా రెండవ అసఫ్‌జా, సేవలో ప్రవేశించాడు.

ఆరంభంలో రేమండ్ వెంట ఉన్నది మూడువందల మంది మాత్రమే. వారి తుపాకులు సైతం నెలకు ఎనిమిది అణాల చొప్పున అద్దెకు తెచ్చినవని చెబుతారు. పన్నెండేళ్ళలో ఆ సంఖ్య 14,000కు పెరిగింది. ఇది కేవలం జీతగాళ్ళ గుంపు కాదు. ఐరోపా పద్ధతిలో కవాతు నేర్చి, సొంత ఫిరంగులు కలిగిన సైన్యం. నగరంలోని గన్‌ఫౌండ్రీ పేట పేరు ఆయన పోతపోయించిన ఫిరంగుల కార్ఖానా నుండి వచ్చినదే. 1795 మార్చిలో ఖర్దా వద్ద మరాఠాలతో జరిగిన యుద్ధంలో నిజాం ఓడినా, రేమండ్ పటాలాలు గట్టిగా నిలిచి పోరాడాయి. ఇంగ్లీషు వారు ఆ యుద్ధంలో నిజాంకు సాయపడలేదు. ఆగ్రహించిన నిజాం తన వద్ద ఉన్న రెండు ఇంగ్లీషు పటాలాలను పంపివేశాడు. అదే ఏడు నిజాం కుమారుడు అలీజా తిరుగుబాటు చేయగా, వెంటాడి పట్టుకున్నవాడు రేమండ్. అప్పటి నుండి ముసలి నవాబుకు ఆయన మీద అపారమైన విశ్వాసం ఏర్పడింది.

ఇక ఇంగ్లీషు వారి వేగు వ్యవస్థను గురించి కొంత విపులంగా చెప్పవలసి ఉన్నది. వేగువారు మన దేశానికి కొత్త కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో గూఢపురుషుల ప్రస్తావన విస్తారంగా ఉన్నది. మొగలాయి ప్రభుత్వంలో వాకియానవీసులు బహిరంగంగా వార్తలు రాస్తే, ఖుఫియానవీసులు రహస్యంగా రాసేవారు. హర్కారాలు వాటిని మోసుకుపోయేవారు. ప్రతి దర్బారులోను ఇతర రాజ్యాల వకీళ్ళు ఉండి తమ ప్రభువులకు అఖ్బారులు పంపడం అందరూ ఎరిగిన ఆచారమే. తూర్పు ఇండియా కంపెనీ ఈ పాత యంత్రాన్ని చేపట్టి దానికి ఒక కార్యాలయాన్ని జోడించింది. పూనా, హైదరాబాదు, లక్నో మొదలైన చోట్ల ఉన్న రెసిడెంట్లు రాయబారులే కాక వార్తా సేకరణ కేంద్రాలకు అధిపతులు కూడా. వారు రాసిన లేఖలు కలకత్తాలోని రహస్య శాఖకు చేరేవి. అక్కడ ఒక ఊరి వార్తను మరొక ఊరి వార్తతో సరిచూసి, నకళ్ళు తీసి భద్రపరిచేవారు. నిజాంకు వార్తాహరులు లేకపోలేదు. కాని నాలుగు దిక్కుల నుండి వచ్చిన వార్తను ఒకే బల్ల మీద పరచి చదివే కచేరీ కంపెనీ వద్దనే ఉన్నది. నేటి ఇంటెలిజెన్స్ బ్యూరోకు మూలమైన కేంద్ర శాఖ 1887లో గాని ఏర్పడలేదు. పని మాత్రం అంతకు ముందు నూరేళ్ళ నాడే సాగుతూ ఉండెను.

హైదరాబాదులో ఈ పని నిర్వహించినవారు విలియం కిర్క్‌పాట్రిక్, ఆయన తరువాత ఆయన తమ్ముడు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. తమ్ముడు పారసీ, హిందుస్తానీ భాషలలో నేర్పరి. దర్బారు మాటలు ఆయనకు దుబాసీ లేకుండానే అర్థమయ్యేవి. వారి లేఖలలో రేమండ్ పేరు మాటిమాటికీ కనబడుతుంది: ఆయన సిపాయిల సంఖ్య, ఫిరంగులు, ఫ్రెంచి అధికారుల పేర్లు, దండు మీద ఎగిరే మూడు రంగుల విప్లవ పతాక, బొత్తాముల మీద స్వాతంత్ర్య చిహ్నమైన టోపీ. ఖర్దా తరువాత ఆయన సేనలో ఒక భాగాన్ని కడపకు పంపగా, కంపెనీ సరిహద్దు సమీపించిందని కలకత్తా కలవరపడి, ఆ సేనను వెనుకకు పిలిపించమని నిజాంను ఒత్తిడి చేసింది. రేమండ్‌కు పోటీగా ఫింగ్లాస్ అనే ఐరిషు దేశీయుని, బాయిడ్ అనే అమెరికా దేశీయుని పటాలాలను దర్బారులో ప్రోత్సహించారు.

ఈ వార్తలలో లెక్కలు చాలవరకు సరియైనవే. చిక్కు లెక్కలలో లేదు, వాటి నుండి తీసిన తాత్పర్యంలో ఉన్నది. సిపాయిలను లెక్కించవచ్చును, ఒక మనిషి ఉద్దేశాన్ని లెక్కించడం ఎట్లు? రేమండ్ టిప్పు సుల్తానుతో చేతులు కలిపి కంపెనీని కూలదోయగలడన్నది ఒక ఊహ. లేఖ నుండి లేఖకు ప్రయాణించి అది నిశ్చయంగా మారింది. అయితే ఆయన పక్షాన లోపం లేదని చెప్పలేము. ఇంగ్లండుతో ఫ్రాన్సు యుద్ధంలో ఉన్న కాలాన, నిజాం ఉప్పు తింటూ ఫ్రాన్సు జెండా ఎగురవేయడం వేగువారి కలానికి తానే సిరా అందించడమే గదా!

1798 ఫిబ్రవరిలో, గవర్నర్ జనరల్‌గా నియుక్తుడై ఓడలో వస్తున్న వెల్లస్లీ దక్షిణాఫ్రికా కొసన కేప్ రేవులో ఆగాడు. అనారోగ్యంతో హైదరాబాదు విడిచిన విలియం కిర్క్‌పాట్రిక్ అప్పుడు అక్కడనే ఉన్నాడు. ఫ్రెంచి దండును గూర్చి వెల్లస్లీ అడిగిన ప్రశ్నలకు ఆయన లిఖితపూర్వకంగా సమాధానాలిచ్చాడు. భారత భూమిపై కాలు మోపకముందే, రేమండ్‌ను ఎన్నడూ చూడని ఒక పాలకుడు ఆ దండును తొలగించవలెనన్న అభిప్రాయానికి వచ్చాడు.

కాని వెల్లస్లీ మే నెలలో కలకత్తా చేరునాటికి రేమండ్ జీవించి లేడు. 1798 మార్చి 25న, నలభై మూడవ ఏట, అకస్మాత్తుగా మరణించాడు. విషప్రయోగమని కొందరు, ఆత్మహత్య అని కొందరు చెప్పుకున్నారు. దేనికీ సాక్ష్యం లేదు. కావున ఆ చర్చ ఇక్కడ అనవసరం.

తరువాతి కథ వేగంగా నడిచింది. 1798 సెప్టెంబరు 1న నిజాంతో కంపెనీ రహస్యంగా సంధి చేసుకున్నది. దాని ప్రకారం ఆరు ఇంగ్లీషు పటాలాలు హైదరాబాదులో నిలుస్తాయి. వాటికి నిజాం సాలుకు 24,17,100 రూపాయలు చెల్లించాలి. ఫ్రెంచి దండు రద్దు కావాలి. రేమండ్ స్థానంలో వచ్చిన పిరాన్‌కు సిపాయిల మీద ఆ పట్టు లేదు. జీతాలు బకాయి పడ్డాయి. అక్టోబరు 21న సిపాయిలు తిరగబడి తమ ఫ్రెంచి అధికారులనే నిర్బంధించారు. మరునాడు ఇంగ్లీషు పటాలాలు దండును చుట్టుముట్టగా, పద్నాలుగు వేల పేరుగల ఆ సైన్యం తుపాకి పేల్చకుండానే ఆయుధాలు పడవేసింది. ఆ నాటి వ్యవహారంలో పాల్గొన్న యువ అధికారి జాన్ మాల్కం తరువాత పేరొందిన చరిత్రకారుడు అయ్యాడు. ఏడు నెలలలో, 1799 మే 4న, శ్రీరంగపట్నం కూలింది. దానిని ముట్టడించిన సేనలలో హైదరాబాదు సేన కూడ ఉన్నది. సొంత సైన్యం మీద ఆధారపడి కంపెనీకి ఎదురు చెప్పగల శక్తి నిజాంలకు మరల కలుగలేదు.

కలకత్తా కాగితాలలో అపాయంగా నమోదైన ఆ మనిషిని ఈ ఊరి జనం తమ వాడిగానే ఉంచుకున్నారు. మలక్‌పేట దాటిన తరువాత, ఆస్మాన్‌గఢ్ సమీపాన ఒక గుట్ట మీద ఆయన సమాధి ఉన్నది. సుమారు ఇరవై మూడు అడుగుల ఎత్తుగల రాతి స్తంభం, దానిమీద జె.ఆర్. అనే రెండక్షరాలు. గత శతాబ్ది తొలి దశాబ్దాల వరకు ఏటేటా వర్ధంతి నాడు అక్కడ ఉర్సు వలె జనం చేరేవారు. నిజాం ప్రభువు వైపు నుండి చుట్టల పెట్టె, బీరు సీసా కూడ సమర్పించేవారని చెప్పుకుంటారు. పక్కనే గ్రీకు పద్ధతిలో స్తంభాలతో కట్టిన మంటపం 2001 వర్షాలకు కూలిపోగా, తరువాత తిరిగి నిర్మించారు. మెట్రో రైలు వచ్చాక ఆయన పేరు దిల్‌సుఖ్‌నగర్‌కు ముందరి స్టేషను పలక మీదకు కూడా ఎక్కింది.