సిగ్నల్ అంకెలో దాక్కున్న బెల్లు

తనకల్లు సుట్టుపక్కల సిగ్నల్ కోసరం గుట్టెక్కే తమ్ముళ్లూ, మిద్దెక్కే చెల్లెళ్లూ! ఫోన్ సెట్టింగుల్లో సిమ్ స్టేటస్ తెరిచి సూడండి. మైనస్ 110 డీబీఎం అనో, మైనస్ 95 అనో ఒక అంకె ఉంటాది. ఆ డీబీలోని బీ ఒక మనిషి పేరు. అలెగ్జాండర్ గ్రాహం బెల్. టెలిఫోన్ కనిపెట్టినోడని ఒక్క మార్కు కోసం సదివి ఇడిసిపెట్టినాం గదా, ఆయప్పే.

1847లో స్కాట్లండులోని ఎడిన్‌బరోలో పుట్టినాడు. నాయన మాటలు స్పష్టంగా పలకడం నేర్పే పంతులు. అమ్మకి చెవుడు. అందరూ అరిసి చెప్తాంటే ఈ పిల్లోడు మాత్రం అమ్మ నుదుటి దగ్గర నోరు పెట్టి మెల్లగా మాట్లాడేవాడంట. అన్నదమ్ములిద్దరూ క్షయతో పోతే, మిగిలిన ఒక్క కొడుకునన్నా కాపాడుకోవాలని 1870లో ఇంటిల్లిపాదీ కెనడాకి పోయినారు. వలసంటే ఏందో మన జిల్లాకి ఒగరు చెప్పాల్సిన పనిలేదు.

అమెరికాలోని బోస్టన్లో వినికిడి లేని పిల్లోళ్లకి పాఠాలు చెప్తా, రాత్రిళ్లు తీగలతో కుస్తీ పట్టినాడు. 1876 మార్చిలో టెలిఫోన్ పేటెంటొచ్చింది. బెల్ అర్జీ చేరిన దినమే ఎలిషా గ్రే అనే ఇంకొకాయన కాగితాలు కూడా ఆఫీసుకి చేరినాయి. ఆ తగువు కోర్టుల్లో ఏండ్లకేండ్లు నడిసింది.

1880లో ఫ్రాన్సోళ్లు 50,000 ఫ్రాంకుల వోల్టా బహుమతి ఇచ్చినారు. మొదటి బ్యాటరీ చేసిన వోల్టా పేరుమీద అది. మనం కరెంటుకి చెప్పే వోల్టు కూడా ఆయన పేరే. ఆ దుడ్డుతో బెల్ ప్రయోగశాల పెట్టుకున్నాడు.

ఒక తప్పు మాత్రం దాయగూడదు. పెండ్లాం మేబెల్‌కీ చెవుడే. అయినా చేతి సైగల బాస బడుల్లో వద్దని, నోటితోనే మాట్లాడాలని పట్టుబట్టినాడు. చెవిటోళ్లు చెవిటోళ్లనే పెండ్లి చేసుకుంటే ఆ జాతి పెరుగుతాదని 1883లో రాసినాడు గూడా. ఆ పట్టుదలకి సొంత బాస పోగొట్టుకున్న పిల్లోళ్లు ఎందరో. వాళ్ల కోపం ఇప్పుటికీ సల్లారలేదు, సల్లారాల్సిన పనీ లేదు.

1922 ఆగస్టులో సచ్చిపోయినాడు. పూడ్సే టయానికి ఉత్తర అమెరికాలో ఫోన్లన్నీ ఒక నిమిషం ఆపినారు. ఆ తర్వాత ఆయన పేరుతో నడిసే కంపెనీ ఇంజనీర్లు, తీగలో సిగ్నల్ ఎంత అరిగిపోతాదో కొలిసే కొలతకి బెల్ అని పేరు పెట్టినారు. అది మరీ పెద్దదైపోతే పదో వంతు చేసి డెసిబెల్ అన్నారు.

ఇప్పుడు మన అంకె కాడికొద్దాం. సున్నా డీబీఎం అంటే ఒక మిల్లీవాట్. అక్కడినుంచి 10 తగ్గినప్పుడల్లా పవర్ పదో వంతైపోతాది. వోల్టేజీ మాత్రం అట్ల కాదు, అది పదో వంతు కావాలంటే 20 తగ్గాల. ఎందుకంటే పవర్ అనేది వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటాది. శానామంది తప్పేది ఈడనే. వాట్లలో పవర్‌ని 50 ఓములతో గుణించి వర్గమూలం తీస్తే వోల్టులొస్తాయి. మైనస్ 110కి లెక్కేస్తే 0.7 మైక్రోవోల్టు. టార్చిలైటు సెల్లు దీనికి 20 లక్షల రెట్లు పైనే.

సిగ్నల్ గీతలకి ఒక కొలతంటూ లేదు, ఫోనుకొక తీరు. అర్జీ రాస్తే ఈ అంకె రాయండి, ఏ తావులో ఏ టయానికి సూసినారో గూడా. గుట్ట కింద మైనస్ 110, పైన మైనస్ 90 వచ్చిందనుకోండి. వోల్టేజీ 10 రెట్లు, పవర్ 100 రెట్లు.