గౌరీమాత తీర్థయాత్ర

మన దేశమున తీర్థయాత్ర స్త్రీపురుషు లిరువురకును పుణ్యకార్యమే. అయినను స్త్రీ ఒంటరిగా యాత్రకు బయలుదేరుట లోకము మెచ్చిన పని కాదు. బాల్యమున తండ్రియు, యౌవనమున భర్తయు, వార్ధక్యమున పుత్రుడును ఆమెను రక్షింపవలెనని స్మృతికారులు విధించిరి. ఆ విధిలో రక్షణ కలదు. కాని ఆ మువ్వురును లేని స్త్రీకి గతి యేమి? అందరు నుండియు హృదయము భగవంతునే కోరిన స్త్రీకి త్రోవ యేది? శ్రీరామకృష్ణుల శిష్యురాలైన గౌరీమాత జీవితమంతయు ఈ రెండు ప్రశ్నలతో ముడివడి యున్నది.

ఆమె 1857లో వంగదేశమున జన్మించెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు మృడాని. తండ్రి పార్వతీచరణ చట్టోపాధ్యాయుడు హౌరా సమీపమున గల శివపురవాసి, ఆచారపరుడు. తల్లి గిరిబాలాదేవి విద్యావతి, భక్తి గీతములు రచించిన సాధ్వి. కలకత్తాలోని భవానీపురమున తల్లి యింట మృడాని పెరిగెను. అచ్చట క్రైస్తవ ప్రచారకుల బాలికా పాఠశాలలో కొంతకాలము చదివెను. హిందూధర్మమును అచ్చట చులకన చేయుట సహింపలేక ఆ బడిని విడిచెను. చండీ, భగవద్గీతలను కంఠస్థము చేసెను.

ఆ దినములలో బృందావనము నుండి వచ్చిన యొక వైష్ణవ తపస్విని తాను పూజించుచుండిన దామోదర సాలగ్రామమును ఈ బాలికకు ఒసగెను. ఆనాటి నుండి ఆ శిలయే ఆమెకు స్వామి, బంధువు, సర్వస్వము. కులీన బ్రాహ్మణుల యాచారము ననుసరించి ఆమెకు 13వ యేట వివాహము నిశ్చయమయ్యెను. వరుడు అక్కగారి భర్తయే. మరణము లేని వరుని తప్ప మరియొకని వరింపనని పట్టుబట్టి, పెండ్లినాటి రాత్రి ఆమె దామోదరునితో ఒక గదిలో చేరి గడియ వేసికొనెను. కుమార్తె నిశ్చయము ఎంత దృఢమో గ్రహించిన తల్లి, లోకనిందకు వెరవక, ఆ రాత్రి ఆమెను ఇల్లు దాటించెను. మృడాని తొలి ఒంటరి ప్రయాణము ఇది. దూరము స్వల్పమే. కాని మరలి గృహస్థ జీవితమున ప్రవేశింపవలసిన త్రోవ ఆ రాత్రితో మూసికొనిపోయెను.

పిమ్మట బంధువులు ఆమెను కొంతకాలము కాపలాలో ఉంచిరి. 1875లో, 18వ యేట, వారితోడనే గంగాసాగర స్నానమునకు వెళ్లెను. అచ్చటి జనసమ్మర్దములో ఆమె కనుమరుగయ్యెను. బంధువులు ఎంత వెదకినను దొరకలేదు. ఉత్తరదేశపు సాధువుల గుంపు నొకదానిని కలిసికొని ఆమె హరిద్వారము చేరెను. అటనుండి హృషీకేశము, కేదారనాథము, బదరీనారాయణము, జ్వాలాముఖి, అమరనాథము మొదలగు క్షేత్రములను దర్శించెను. కంఠమున దామోదరుడు వ్రేలాడుచుండెను. కాళికాదేవి పటము, శ్రీచైతన్యుల పటము, చండీ భాగవత గ్రంథములు మాత్రమే ఆమె వెంట నుండెడివి. భిక్షాన్నమే ఆహారము, చెట్టు నీడయే నివాసము.

రూపవతియైన యువతికి అడవిదారులలో ఎట్టి అపాయములు పొంచి యుండునో చెప్పనక్కర లేదు. ఆమె వానిని ఎరుగక పోలేదు. భగవద్విశ్వాసము కలదని అజాగ్రత్తగా నుండలేదు. జుట్టు కత్తిరించుకొనెను. దేహమునకు బూడిదయో మట్టియో పూసికొనెను. ఒక్కొక్కయెడ కాషాయవస్త్రము ధరించి, తలపాగా చుట్టి పురుషుని వలె నడచెను. మరియొక్కయెడ పిచ్చిదాని వలె నటించెను. స్వామియే రక్షకుడని నమ్మి, ఆయన ఒసగిన బుద్ధిని గూడ ఆమె వినియోగించుకొనెను.

మథురలో నుండిన పినతండ్రి వరుస బంధువొకడు ఆమెను గుర్తించి ఇంటికి చేర్ప యత్నించెను. ఆమె రాత్రివేళ అచ్చట నుండి తప్పించుకొని పశ్చిమముగా సాగి జయపురము, పుష్కరము, ప్రభాసము, ద్వారకలను సేవించెను. తరువాత పురీ జగన్నాథుని దర్శించెను. ఈ రీతిగా సుమారు ఏడేండ్లు గడచెను.

కలకత్తాలో బలరామబసు అను భక్తుని యింట నుండగా 1882లో ఆమె దక్షిణేశ్వరమునకు పోయి శ్రీరామకృష్ణులను దర్శించెను. చిన్ననాడు తనకు మంత్రోపదేశము చేసిన మహాత్ముడు ఆయనయే యని ఆమె గుర్తించెనని చరిత్రకారులు చెప్పుదురు. అప్పటికి ఆమె వయస్సు 25 సంవత్సరములు. ఎన్ని కొండలెక్కినను దొరకని శాంతి అచ్చట దొరికెను. నహబతు నందలి యిరుకుగదిలో శ్రీ శారదాదేవి చెంత నివసించి సేవచేసెను. గురుదేవులు ఆమెకు సన్న్యాసము ననుగ్రహించిరి.

కాని గురువు ఆమె కోరిన మార్గమును నిర్దేశింపలేదు. ఒకనాటి ఉదయము ఆమె పూలు కోయుచుండగా, తాము నీరు పోయుచున్నామనియు, ఆమె మట్టి పిసుకవలెననియు శ్రీరామకృష్ణులు పలికిరి. అచ్చట ఉన్నది రాళ్లే గదా, మట్టి యెక్కడిదని ఆమె యడిగెను. ఈ దేశపు స్త్రీల దుఃఖమును గూర్చి చెప్పుచున్నామనియు, వారి కొరకు ఆమె పాటుపడవలెననియు వారు వివరించిరి. జనసందడి తనకు సరిపడదనియు, కొందరు బాలికలను ఇచ్చినచో హిమాలయములకు గొనిపోయి తీర్చిదిద్దుదుననియు ఆమె విన్నవించెను. వారు అంగీకరింపలేదు. పని ఆ పట్టణములోనే జరుగవలెను. ఇల్లు, బంధువులు, లోకాచారము ఆపలేని ఆమె పాదములను ఆపిన యాజ్ఞ ఇదియే.

ఆ యాజ్ఞ వెంటనే ఫలింపలేదు. 1886 ఆగస్టు 16వ తేదీన గురుదేవులు మహాసమాధి పొందినపుడు ఆమె బృందావనమున ఏకాంత తపస్సులో నుండెను. కడపటి దర్శనము లభింపలేదు. ఆ సంవత్సరమే బృందావనము వచ్చిన శ్రీ శారదాదేవిని కలిసికొని, భగవత్స్వరూపుడైన భర్తకు మరణము లేదు గనుక ఆమెకు వైధవ్యము లేదని శాస్త్రసమ్మతముగా విన్నవించెను. పిదప మరికొన్నేండ్లు తీర్థములందే సంచరించెను. మట్టి పిసుకు పని మాత్రము ఆమెకై వేచియే యుండెను.

ఎట్టకేలకు దాదాపు 37 ఏండ్ల వయస్సున గంగాతీరమున బారక్‌పూరులో శ్రీ శారదేశ్వరీ ఆశ్రమమును స్థాపించెను. ఆ కాలముననే, 1894లో, స్వామి వివేకానందులు అమెరికా నుండి వ్రాసిన లేఖలో గౌరీమాత ఎక్కడ నున్నదని అడిగి, అట్టి తల్లులు వేయిమంది కావలెనని యాకాంక్షించిరి. కన్యలకు, వితంతువులకు, భర్తలు విడిచిన స్త్రీలకు ఆశ్రమము నీడనిచ్చెను. సంస్కృతము, శాస్త్రములు, గృహకృత్యములు అచ్చట నేర్పబడెను. 1911లో ఆశ్రమము కలకత్తాకు మారెను. 1924లో స్వంత భవనము ఏర్పడెను. ఇందుకై ఆమె ఇల్లిల్లు తిరిగి యాచించెను. బదరీమార్గమున తన కడుపునకై భిక్షమెత్తినట్లే, ఇపుడు కలకత్తా వీధులలో ఇతరుల బిడ్డలకై భిక్షమెత్తెను. సమస్త దేశము నొంటరిగా తిరిగిన స్త్రీకి ఒక యింటి వంటకు బియ్యమున్నవో లేవో అను చింత అలవడుట సులభమైన సాధన కాదు.

ఎనుబది యేండ్లు దాటినను ఆమె దామోదర పూజను విడువలేదు. అంత్యసమయము సమీపించుట గ్రహించి, బాల్యము నుండి తోడు వచ్చిన ఆ స్వామి సేవను తాను పెంచి పెద్దచేసిన శిష్యురాలు దుర్గామాతకు అప్పగించెను. 1938లో దేహము చాలించెను.

గౌరీమాత ఏ వయస్సునను నిజముగా ఒంటరి కాదు. బాలికయై గడియ వేసిన గదిలోను, యువతియై హిమాలయ మార్గములందును దామోదరుడు ఆమెను కాపాడెను. వార్ధక్యమున తానే అనేక స్త్రీలకు రక్షకురాలయ్యెను. తండ్రి, భర్త, పుత్రుడు లేని స్త్రీకి గతి యేమను ప్రశ్నకు ఆమె గ్రంథము వ్రాసి బదులు చెప్పలేదు. తలుపు తెరచి యుంచిన ఒక యింటిని కట్టెను. ఇల్లు విడిచి పారిపోయిన బాలిక చేతనే భగవంతుడు ఆ యింటిని కట్టించెను.