బూడిదలోనుండి మరల ఆరంభించిన దైవజనుడు



విలియం కేరీ గారి పేరు మన బాప్టిస్టు సంఘములలో విననివారు అరుదు. ఆయన చెప్పులు కుట్టిన సంగతి ఆదివార బడి పిల్లలు సయితము చెప్పగలరు. అయితే ఆయన సాధించిన కార్యములను తలంచుకొన్నంతగా, ఆయన దినదినము మోసిన భారములను మనము తలంచుకొనము. ఇల్లు గడవని రోజున, ఇంటిలో జబ్బు వదలని రోజున, చేసిన కష్టమంతయు నేలపాలైన రోజున విశ్వాసములో ఎట్లు నిలిచియుండాలో ఆయన జీవితము మనకు చూపుచున్నది.

కేరీ గారు 1761 ఆగస్టు 17న ఇంగ్లాండులోని పాలర్స్‌పరీ అను పల్లెలో జన్మించారు. తండ్రి మగ్గము నేసి బ్రతికి, తరువాత బడిపంతులు అయ్యారు. కేరీ గారు చిన్నతనములోనే చెప్పులు కుట్టే పని నేర్చుకొన్నారు. పని చేసుకొంటూనే భాషలు కూడ నేర్చుకొన్నారు. 1783లో బాప్తిస్మము పొందారు. సంఘ కాపరి అయిన తరువాత కూడా జీతము చాలక చెప్పులు కుట్టి, బడి నడిపి సంసారము ఈదారు. 1792 అక్టోబరు 2న కెట్టరింగులో బాప్టిస్టు మిషనెరీ సొసైటీ ఏర్పడినది. 1793 జూన్‌లో భార్య డొరొతీ గారితోను, నలుగురు కుమారులతోను ఓడ ఎక్కి, నవంబరులో బెంగాలు చేరారు. మరల స్వదేశము చూడలేదు.

వచ్చిన కొద్ది కాలమునకే చేతిలోని డబ్బు అయిపోయినది. తలదాచుకొనుటకు సుందరవనముల వరకు వెళ్ళారు. 1794లో మదనాబటీ అను చోట నీలిమందు ఫ్యాక్టరీలో ఉద్యోగము దొరికినది. ఆ యేడే అయిదేండ్ల కుమారుడు పీటర్ జ్వరముతో, విరేచనములతో చనిపోయాడు. ఆ పసివాని సమాధి త్రవ్వుటకు మనుషులు దొరకుటయే కష్టమైనది. ఆ దుఃఖము తరువాత డొరొతీ గారికి మతి చలించినది. 1807 డిసెంబరులో కన్నుమూయు వరకు, సుమారు 12 సంవత్సరములు, ఆమె ఆ స్థితిలోనే ఉన్నారు.

ఇక్కడ మేము ఒక మాట దాచము. ఈ ప్రయాణము డొరొతీ గారు కోరుకొన్నది కాదు. మొదట రానన్నారు, అప్పుడామె గర్భవతి. భర్తకు వచ్చిన పిలుపునకు ఆమె చెల్లించిన వెల పెద్దది. కేరీ గారిని గౌరవించు మనము ఆమెను మరువరాదు.

కేరీ గారు ఏడేండ్లు బోధించినను ఒక్క హిందువైనను బాప్తిస్మము పొందలేదు. చివరకు 1800 డిసెంబరు 28న శ్రీరాంపూరులో కృష్ణపాల్ అను వడ్రంగి హుగ్లీ నదిలో బాప్తిస్మము పొందాడు. ఆ సంతోష దినములలో కూడా ఇంటిలో భార్య జబ్బు అట్లే ఉన్నది.

మరి ఆయన ఎట్లు నిలిచారు? 1806లో వ్రాసిన ఒక ఉత్తరములో ఆయన తన దినచర్యను తెలిపారు. ఉదయము 6 గంటలకు ముందే లేచి, హెబ్రీ బైబిలులో ఒక అధ్యాయము చదివి, 7 గంటల వరకు ఏకాంతముగా ప్రార్థించేవారు. తరువాత పనివారితో కలిసి బెంగాలీలో కుటుంబ ప్రార్థన. ఆ పిమ్మటనే పండితులతో చదువు, అనువాదము, కలకత్తా కాలేజీలో పాఠములు. ఏదో ఒక్క గొప్ప అనుభవము మీద ఆయన బ్రతుకలేదు. ప్రతి ఉదయము మరల దేవుని యొద్దకు వచ్చి, ఆ దినపు పని అందుకొనేవారు.

ఆ అలవాటుకు గొప్ప పరీక్ష 1812 మార్చి 11 రాత్రి వచ్చినది. శ్రీరాంపూరు ముద్రణాలయము కాలిపోయినది. అప్పుడు కేరీ గారు కలకత్తాలో ఉన్నారు. మరునాడు మార్ష్‌మన్ గారు వెళ్ళి ఆ వార్త చెప్పారు. ప్రాణనష్టము కలుగలేదు గాని, కాగితము, అనేక భాషల అచ్చు అక్షరములు, ఏండ్ల తరబడి వ్రాసిన ప్రతులు బూడిదయ్యాయి. కన్నడ క్రొత్త నిబంధన ప్రతి, అనేక భాషల పదములు కూర్చిన పెద్ద నిఘంటువు పోయాయి. మన తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతి కూడా ఆ మంటలలోనే పోయినది.

కేరీ గారు కన్నీరు విడిచారు. పిమ్మట పని మరల మొదలుపెట్టారు. వార్డు గారు శిథిలములను వెదకగా, అక్షరములు పోతపోయు అచ్చులు చెడకుండ దొరికాయి. కరిగిన లోహముతోనే క్రొత్త అక్షరములు పోశారు. కాలిపోయిన తెలుగు వ్యాకరణము రెండేండ్లకు, 1814లో, అచ్చయినది. 1818లో తెలుగు క్రొత్త నిబంధన వెలువడినది. తరువాతి వారు అంతకంటె మంచి అనువాదములు చేశారు. అయినను ఆ రెండవమారు కూర్చుండి వ్రాసిన ఓర్పు మనకు ఆస్తిగా మిగిలినది.

1834 జూన్ 9న శ్రీరాంపూరులో కేరీ గారు ప్రభువునందు నిద్రించారు. తన సమాధి రాతి మీద తన గొప్పలేవియు చెక్కవద్దని ముందే చెప్పియుంచారు.

ప్రియులారా, మన పెద్దలు బ్రతుకుతెరువు కొరకు ఊరు విడిచి వచ్చారు. కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ మాటల నడుమ మనము సంసారములు నడుపుకొనుచున్నాము. కేరీ గారు కూడా పరాయి మాటల నడుమ బ్రతికినవారే. మన ఇండ్లలో కూడా పిల్లల ఫీజులు, తీరని అప్పు, మంచము పట్టినవారి సేవ ఉన్నాయి. ఏండ్ల కష్టము ఒక్క రాత్రిలో పోయిన కుటుంబములు ఉన్నాయి. అట్టివారు ఏడ్చుట అవిశ్వాసము కాదు. ఏడ్చిన తరువాత, తెల్లవారగానే, ఒక అధ్యాయము చదివి, ఒక ప్రార్థన చేసి, చేతికందిన పనిని మరల పట్టుకొనుటయే విశ్వాసము. పోయినది వెంటనే తిరిగి రాకపోవచ్చును. ప్రభువు మాత్రము మనలను విడువడు.

ఆయన కృప మీ గృహములలో నిలిచియుండును గాక. ఆమేన్.